చేతులు చూసే మనిషి

సాయంత్రం ఇల్లు చేరగానే, భుజాన సంచి ఇంకా దించకుండానే, అతను నేరుగా ముందుగదిలోని టీవీ దగ్గరికి వెళ్ళి దాని వెనుక అరచెయ్యి ఆనించి చూసేవాడు. జ్వరం ఉందో లేదో చూడటానికి పిల్లల నుదుటి మీద చెయ్యి వేసినట్లుండేది ఆ భంగిమ. చల్లగా ఉంటే ఏమీ అనకుండా కాళ్ళు కడుక్కోవటానికి వెళ్ళిపోయేవాడు. వెచ్చగా ఉంటే మాత్రం చెయ్యి అక్కడే ఉంచి "బుల్లీ" అని పిలిచేవాడు. గొంతు పెంచేవాడు కాడు. పెంచితేనే నయమని కూతురికి అనిపించేది.

ఈ మధ్య టీవీ తరచు వెచ్చగానే ఉంటోంది.

బుల్లి అన్నది ముద్దుపేరు. ఆ పిల్లకు పధ్నాలుగేళ్ళు నిండాయి. ఆ పేరు పొట్టిదైపోయి చాలా కాలమైనా ఇంట్లో ఎవరూ గమనించలేదు. కిందటి పుట్టినరోజుకు మేనమామ ఒక వీడియో గేమ్ పెట్టె కొనిచ్చాడు. రంగురంగుల కార్లు కొండల మీద పరుగెత్తే ఆట, కోటలు కట్టి కాపాడుకునే ఆట అందులో ఉన్నాయి. బావమరిది మొహం మీద కాదనలేక తండ్రి దాన్ని లోపలికి రానిచ్చాడు గాని, రానిచ్చిన రోజే షరతు విధించాడు. సెలవురోజున ఒక గంట, అదీ తాను ఇంట్లో ఉన్నప్పుడే. తెరల వల్ల పిల్లలకు కలిగే నష్టాలను గురించి అతను చాలా చదివాడు. నిద్ర పాడవుతుందనీ, చూపు మందగిస్తుందనీ, ఒక విషయం మీద మనసు నిలవదనీ, చిన్నదానికీ పెద్దదానికీ చిరాకు పుడుతుందనీ భోజనాల దగ్గర ఉపన్యాసంలా చెప్పేవాడు. ఒకసారి అతను చెప్పటం ముగించాక భార్య గిన్నెలు ఎత్తుతూ ఒకే మాట అన్నది.

"పొద్దున్నుంచి సాయంత్రం దాకా తెర ముందు కూర్చునే మనిషి ఈ ఇంట్లో ఒక్కరే ఉన్నారు. ఆయనకి నిద్ర పట్టదు, కళ్ళు మండుతాయి, చిరాకు సంగతి నేను చెప్పక్కర్లేదు."

"నాది ఉద్యోగం" అన్నాడతను.

"కాదని ఎవరన్నారు?" అని ఆమె వంటగదిలోకి వెళ్ళిపోయింది.

అతనిది నిజంగానే తెరల ముందు చేసే ఉద్యోగం. ఊరి నడిబొడ్డున ఉన్న ఒక పెద్ద దుకాణం, నాలుగంతస్తుల నిండా సరుకు. దాని నేలమాళిగలో కిటికీ లేని గది. గోడ పొడవునా తెరలు. పైన ఏ అంతస్తులో ఎవరు ఏ వస్తువు మీద చెయ్యి వేసినా ఆ బొమ్మ చప్పుడు లేకుండా కిందికి వచ్చి అతని ముందు నిలుస్తుంది. దొంగతనాలు పసిగట్టటం అతని పని. అందులో అతన్ని మించినవాడు లేడని దుకాణంలో అందరూ ఒప్పుకునేవారు. వాళ్ళు అతనికి పెట్టిన పేరు డేగ. ఎదురుగా అనేవారు కారు గాని, ఆ పేరు తనకుందని అతనికి తెలుసు. తెలిసి లోలోపల కొంచెం సంతోషపడేవాడు.

చేరిన కొత్తలో, రిటైరవబోతున్న ఒక పెద్దాయన అతనికి పని నేర్పాడు. ఆయన నేర్పింది ఒకటే. ముఖాలు చూడవద్దు, చేతులు చూడు. ముఖం పుట్టినప్పటి నుంచి నటిస్తూనే ఉంటుంది, దానికి అది అలవాటే; చేతులకు నటన రాదు. కొనే చెయ్యి వస్తువును తిప్పి చూస్తుంది, ధర చూస్తుంది, పెట్టేస్తుంది. తీసే చెయ్యి వస్తువును చూడదు, దాన్ని తాకుతుంది గాని దానితో మాట్లాడదు. సంచి దగ్గరికి వెళ్ళి వెనక్కి వచ్చే చేతిని కనిపెట్టాలి. మరీ నిశ్చలంగా ఉన్న చేతిని ఇంకా ఎక్కువ కనిపెట్టాలి. వేలికి కట్టు ఉంటే ఆ వేలిని అసలు వదలకూడదు, ఎందుకంటే ధరచీటీలను బ్లేడుతో కోసేవాళ్ళకు వేళ్ళు తెగుతుంటాయి.

ఈ పాఠం అతని కళ్ళకు ఎంతగా పట్టిందంటే, దుకాణం బయట కూడా అవి మరో విధంగా చూడటం మానేశాయి. బస్సులో ఎదుటి సీటు వాళ్ళ వేళ్ళు చూసేవాడు. బంధువుల ఇంట్లో విందుకు వెళ్ళివచ్చాక భార్య "అక్కయ్య బాగా చిక్కిపోయింది కదూ?" అని అడిగితే అతనికి ఆ ముఖం గుర్తుకు రాలేదు, భోజనం చేసినంతసేపూ ఆవిడ ఉంగరాన్ని వెనక్కీ ముందుకీ తిప్పుతూనే ఉన్నదని మాత్రం చెప్పగలిగాడు. ఆ ఉంగరం ఆవిడది కాదేమోనని కూడా అన్నాడు. భార్య నవ్విందో కోప్పడిందో అతను చూడలేదు.

టీవీ మొదటిసారి వెచ్చగా తగిలిన సాయంత్రం బుల్లి వచ్చి ఎదుట నిలబడి, తాను ఆడలేదని చెప్పింది. రెండోసారీ అదే చెప్పింది. పరీక్షల ముందు చదువుకోవటానికి బడివాళ్ళు ఇచ్చిన సెలవులవి. భార్య రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది, పొద్దున వెళ్ళి సాయంత్రం వస్తుంది. పగలు ఇంట్లో ఉండేది బుల్లి, అతని అత్తగారు. ఆ అత్తగారికి ఈ మధ్యనే కంటి ఆపరేషన్ అయింది. మళ్ళీ పరీక్ష చేసేదాకా టీవీ జోలికి పోవద్దని డాక్టరు గట్టిగా చెప్పి, ఒక నల్ల కళ్ళద్దాల జత ఇచ్చి పంపాడు. ఆవిడ వెనుకగదిలో రేడియో పెట్టుకుని పడుకుంటోంది. ఇక మిగిలింది ఎవరు? లెక్క అంత తేలిక.

"నేను ఆడలేదు నాన్నా" అన్నది బుల్లి రెండోసారి.

అతను తల ఊపాడు. ఆ ఊపుడు దుకాణంలో పట్టుబడినవాళ్ళకందరికీ తెలుసు. కింది పెదవి కాస్త ముందుకు వస్తుంది, తల ఒక్కసారి, నెమ్మదిగా, కిందికి దిగి పైకి లేస్తుంది. చెప్పింది విన్నాననీ, నమ్మలేదనీ, ఇంక మాట్లాడి లాభం లేదనీ దాని అర్థం. ఆ తరువాత, ఇంకొక్కసారి ఇది జరిగితే పరీక్షలు కాగానే పొరుగూరి హాస్టల్ బడిలో చేర్పిస్తానని చెప్పాడు. చుట్టూ ఎత్తయిన గోడలు, లోపల ఒక్క టీవీ అయినా లేని బడి అది. అతను ఉత్తుత్తి బెదిరింపులు చేసే మనిషి కాడని బుల్లికి తెలుసు. ఆ రాత్రి ఆమె తల్లి దగ్గర ఏడ్చింది. అమ్మమ్మను, తన గదిని, తనకున్న ఇద్దరు స్నేహితురాళ్ళను వదిలి అక్కడికి వెళ్ళలేనని చెప్పింది. తల్లి మాత్రం ఏమి చెయ్యగలదు? కొంచెం జాగ్రత్తగా ఉండమని చెప్పి ఊరుకుంది. ఆ జాగ్రత్త అన్న మాట కూడా పిల్లకు నేరం ఒప్పుకోమన్నట్లే వినిపించింది.

మరో నాలుగైదు రోజులకు టీవీ మళ్ళీ వెచ్చగా తగిలింది. అయితే ఈసారి అతను బుల్లిని పిలవలేదు. పట్టుకోదలచినవాణ్ణి ముందుగా హెచ్చరించటం అతని వృత్తిలో లేదు.

నిఘా గదికి ఆనుకుని ఒక రిపేరు గది ఉంది. పాతబడిన కెమెరాలు, తీగలు అక్కడ అరల్లో పడి ఉంటాయి. వాటిలో పనిచేస్తున్న, బ్యాటరీతో నడిచే చిన్న కెమెరా ఒకటి ఏరుకుని అతను సంచిలో వేసుకున్నాడు. దాని వెనుక దుకాణం పేరూ నంబరూ చెక్కిన రేకుపలక ఉంది. అతను దాన్ని ఊడదీయాలని అనుకోలేదు. వాడుకుని తిరిగి తెచ్చి పెట్టేదానికి ఊడదీయటం దేనికి? తీసుకుపోవటం వేరు, ఉంచుకోవటం వేరు అని తనకు తానే చెప్పుకున్నాడు. పట్టుబడినవాడెవడైనా తన ముందు ఇదే మాట చెప్పి ఉంటే తల ఎలా ఊపేవాడో అతనికి ఆ క్షణంలో తోచలేదు.

ముందుగదిలో ఎవరూ లేని సమయం చూసి, పుస్తకాల అరలో రెండు లావుపాటి నిఘంటువుల నడుమ దాన్ని అమర్చాడు. చూపు సోఫా మీదికి ఉండేట్లు సరిచేశాడు. అలవాటు కొద్దీ కొంచెం కిందికి వంచాడు. సోఫాలో కూర్చున్నవాళ్ళ భుజాల నుంచి మోకాళ్ళ వరకు కనబడుతుంది, తల కనబడదు. తనకు కావలసింది అంతే.

మర్నాటి నుంచి నేలమాళిగలో అతనికి ఒక తెర ఎక్కువైంది. సెల్‌ఫోన్‌ను బల్ల అంచుకు ఆనించి, దుకాణం తెరల సరసన తన ఇంటి ముందుగదిని కూడా నిలబెట్టుకున్నాడు. పొద్దున సోఫా ఖాళీ. భార్య కుట్టుపని చేసి పెట్టిన దిండు ఒక మూల ఒరిగి ఉంది. మధ్యాహ్నం కాబోతుండగా సోఫా చెయ్యి మీద నీలిరంగు వెలుగు ఒకటి పడింది. అది కదిలింది, ఆగింది, మళ్ళీ మిణుకుమన్నది. టీవీ ఆడుతోందన్నమాట. కాని సోఫాలో ఎవరూ లేరు.

అతను కుర్చీలో ముందుకు జరిగాడు. చాలాసేపు కళ్ళల్లో వత్తులు వేసుకుని చూశాడు. వెలుగు ఆడుతూనే ఉంది, మనిషి జాడ లేదు. ఒకసారి మాత్రం పక్క నుంచి ఒక చెయ్యి వచ్చి, దిండును లాక్కుని రెప్పపాటులో మాయమైంది. మసక బొమ్మ, కనిపించింది మణికట్టు వరకే. ఇన్నేళ్ళలో వేల చేతులను పరీక్షగా చూసిన మనిషి ఆ చేతిని పరీక్షగా చూడలేదు. అది ఎవరిదో అతనికి ముందే తెలుసు.

అయితే బుల్లి కెమెరాను కనిపెట్టేసిందన్నమాట, అనుకున్నాడతను. కనిపెట్టి, చెప్పకుండా, దాని చూపుకు అందనిచోట కూర్చుని ఆడుకుంటోంది. దుకాణంలో కూడా అంతే, కెమెరా ఎక్కడుందో తెలిసినవాడే గోడ వెంబడి నడుస్తాడు. అతనికి కోపం కంటే ముందు ఒక చిత్రమైన భయం కలిగింది. ఇంత తెలివి, ఇంత మౌనం ఈ పిల్లకు ఎక్కడి నుంచి వచ్చాయి?

ఆ రాత్రి భోజనాల దగ్గర అతను అన్నం కలుపుతూ బుల్లి చేతులు చూశాడు. అవి చాలా నిమ్మళంగా ఉన్నాయి. అత్తగారు నల్ల కళ్ళద్దాలతోనే భోజనం చేస్తూ, రేడియోలో అన్నీ పాత కబుర్లే వస్తున్నాయని అడగని ఫిర్యాదు ఒకటి చేసింది. అందరూ లేచాక అతను భార్యతో, పరీక్షలు కాగానే పిల్లను హాస్టల్లో చేర్చటం ఖాయమని చెప్పాడు.

"ఇప్పుడేమైందని?"

"రోజూ పగలు టీవీ పెడుతోంది."

"మీరు చూశారా?"

"నాకు తెలుసు."

"చూడకుండా ఎలా తెలుస్తుంది?"

ఆమె అతని వైపు కొంచెం ఎక్కువసేపు చూసింది. మర్నాడు పొద్దున ఆమె బీరువా తలుపు వెనుకా, మంచం కిందా ఏదో వెదికినట్లు అనిపించి, అడగబోయి మానుకున్నాడు. ఏమి వెదుకుతున్నావని అడిగితే, ఏమి దాచావని ఆమె అడుగుతుంది.

అదే పొద్దున అతను బయలుదేరబోతుండగా బుల్లి వేలు కోసుకుంది. పటాలు గీసే పెన్సిలును బ్లేడుతో చెక్కుతోంది, అది జారి చూపుడువేలి కొసను కోసింది. రక్తం బాగానే వచ్చింది. అతను సంచి దించి, మెత్తని గుడ్డ పీలిక ఒకటి చింపి కట్టు కట్టాడు. అతని కట్టు కట్టే తీరు వేరు. ముడి వెయ్యడు, రెండు కొసలనూ కలిపి మెలితిప్పి, కట్టు లోపలికి దోపేస్తాడు. నీళ్ళు తగిలినా ఊడదు. బుల్లి ఆ పనినే చూస్తూ, తండ్రిని అడిగింది.

"నాన్నా, మీ స్టోర్‌లో పాతబడిపోయిన సామాన్లు ఏం చేస్తారు?"

"ఎందుకు?"

"ఊరికే."

"ఊరికే ఎవరూ ఏదీ అడగరు."

"పారేసేవైతే, ఎవరన్నా ఇంటికి తెచ్చుకోవచ్చా?"

"గుండుసూది తెచ్చుకున్నా దొంగతనమే" అన్నాడతను, ఎన్నోసార్లు చెప్పిన మాట గనుక ఆలోచించకుండానే. "అడక్కుండా తీస్తే ఉద్యోగం ఊడుతుంది. పోలీసుల దాకా పోవచ్చు."

మెట్లు దిగుతుండగా ఆ ప్రశ్న అతనికి మళ్ళీ గుర్తుకు వచ్చి కాళ్ళు ఒక్క క్షణం ఆగాయి. పిల్ల తనను ఎత్తిపొడిచింది, అనుకున్నాడు. కెమెరా తనకు దొరికిందనీ, దాన్ని పట్టుకుని తండ్రినే ఆడించగలననీ తెలియజెప్పింది. పైకి వెళ్ళి అడిగేద్దామా అనుకున్నాడు. బస్సు వస్తోంది. అతను పరుగెత్తి ఎక్కాడు.

ఆ రోజు దుకాణంలో రద్దీగా ఉంది. మధ్యాహ్నం వరకు ఫోనులో సోఫా కదలకుండా పడి ఉంది. తరువాత, అతను మూడో అంతస్తులో ఎవరిదో బొజ్జ మీద అనుమానంగా ఉబ్బిన చొక్కాను చూస్తుండగా, పక్కన ఫోను తెర నల్లబడిపోయింది. అతను దాన్ని తీసి తట్టాడు, ఆపి మళ్ళీ పెట్టాడు. నలుపే. కెమెరాను అరలోంచి తీసేశారు.

ఇంత తెగింపా, అనుకున్నాడు. ఇంటికి ఫోను చెయ్యాలనుకున్నాడు, ఏమని చేస్తాడు? కెమెరా ఎందుకు తీశావని అడగాలంటే, పెట్టానని ఒప్పుకోవాలి. అలా ఎంతసేపు ఉడికిపోయాడో అతనికే తెలియదు. మళ్ళీ తెరల మీదికి దృష్టి మళ్ళించేసరికి, విద్యుత్ సామాన్లు పెట్టిన వరస మీది బొమ్మలో రెండు చేతులు కనబడ్డాయి.

నల్లని గుడ్డసంచి. అందులోకి ఒక చెయ్యి వెళ్ళింది, ఆగింది, ఖాళీగా బయటికి వచ్చింది. అర మీద ఒక పెట్టెను పక్కకు జరిపింది. మళ్ళీ సంచిలోకి వెళ్ళింది. అతను బొమ్మను పెద్దది చేశాడు. చేతుల చుట్టూ ఉన్నదంతా తెర అంచులు దాటి పోయి, చేతులు మాత్రం మిగిలాయి. చూపుడువేలికి తెల్లని కట్టు ఉంది. బ్లేడు, అనుకున్నాడతను. ఆ చేతిలో ఇప్పుడు నల్లనిదేదో ఉంది. అది అర వైపు కొంచెం వెళ్ళి, ఎవరో పక్క నుంచి వస్తున్నట్లు బెదిరి, చటుక్కున సంచిలోకి దూరింది.

ఇంతకు మించి ఏమి కావాలి? అతను వాకీటాకీ అందుకుని, ఆ అంతస్తు కాపలాదారును పిలిచాడు. తాటిచెట్టంత పొడుగు గనుక అతన్ని అందరూ లంబు అంటారు. విద్యుత్ సామాన్ల వరస, నల్ల సంచి, కట్టు వేలు, అని మూడు గుర్తులు చెప్పి, పట్టుకోమన్నాడు. చెప్పాక అతనికి కొంత శాంతి కలిగింది. ఇంట్లో కాకపోయినా ఇక్కడైనా ఒకరు దొరికారు.

ఆ దుకాణంలో ఒక నియమం ఉంది. పట్టుకున్నవాళ్ళను మేనేజరు గదికి తీసుకువెళతారు. తెర మీద చూసినవాడు స్వయంగా అక్కడికి వచ్చి, పట్టుబడినవాళ్ళ ఎదుట, తాను చూసింది చెప్పాలి. మనిషిని మనిషి ఎదుట పెట్టకుండా దొంగ అనకూడదని ఇప్పుడున్న మేనేజరు పెట్టిన పద్ధతి అది. ఆవిడ ఎవరినీ కసరదు, ఎవరినీ తేలిగ్గా వదలదు. అందరూ మేడమ్ అంటారు.

అతను గదిలోకి వెళ్ళి, ఎప్పటిలాగే కళ్ళు ఎత్తకుండా బల్ల మీదికి చూశాడు. బల్ల మీద తెరిచిన గుడ్డసంచి ఉంది. దాని పక్కన ఒక చిన్న కెమెరా, వెనుక రేకుపలకతో. దాని ముందు రెండు చేతులు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. కట్టు అతనికి బాగా దగ్గరగా ఉంది ఇప్పుడు. ముడి లేదు. రెండు కొసలూ మెలితిప్పి లోపలికి దోపి ఉన్నాయి.

ఆ తరువాతే అతను ముఖం చూశాడు. బుల్లి అతని వైపు చూడటం లేదు. కిటికీ వైపు చూస్తోంది.

మేడమ్ కెమెరాను చేతిలోకి తీసుకుని తిప్పింది. ఇది అమ్మే సరుకు కాదనీ, దుకాణం సొంత సామాననీ, రిపేరు గదిలో ఉండవలసినదనీ తనలో తాను అనుకుంటున్నట్లు పైకే అన్నది. పిల్లను, ఆ గదిలోకి ఎలా వెళ్ళావని అడిగింది.

"తలుపు తీసుంది. వెళ్ళి తీసుకున్నానండీ" అన్నది బుల్లి.

గుమ్మంలో నిలబడ్డ లంబు కొంచెం నొచ్చుకున్నాడు. "కిందికి పోవాలంటే నన్ను దాటి పోవాలి మేడమ్. నేనేమన్నా కంటికి కనబడనంత మనిషినా?"

మేడమ్ నవ్వలేదు. "మీ నాన్నగారి ఫోన్ నంబర్ చెప్పమ్మా. వాళ్ళని పిలిచి మాట్లాడతాను."

"మా నాన్న ఊళ్ళో లేరండీ."

బల్ల మీద ఆ చేతులు కొంచెం కూడా కదలలేదు. అతను వాటినే చూస్తున్నాడు. చేతులకు నటన రాదని పెద్దాయన చెప్పాడు. ఈ చేతులకు వచ్చింది. తన కోసం వచ్చింది. రిపేరు గది తాళాలు తన దగ్గర, తీగలు బాగుచేసే మెకానిక్ దగ్గర మాత్రమే ఉంటాయి. మెకానిక్ నిర్లక్ష్యంగా తలుపు తెరిచి ఉంచాడంటే నమ్మేవాళ్ళు నమ్ముతారు. పిల్ల గనుక మందలించి పంపేస్తారు. పేరు, బడి, ఊరు రాసుకుంటారు. తాను చూసింది చూసినట్లు చెప్పి బయటికి నడవవచ్చు. ఇవన్నీ అతని మనసులో ఒక్కసారిగా మెదిలాయి; మెదిలాయన్న సంగతి తరువాత చాలాకాలం అతన్ని వదల్లేదు.

"చెప్పండి, ఏం చూశారు?" అని మేడమ్ అతన్ని అడిగింది.

"ఊళ్ళోనే ఉన్నాడండీ వాళ్ళ నాన్న" అన్నాడతను. "నేనే. కెమెరా ఇంటికి తీసుకెళ్ళింది కూడా నేనే. అమ్మాయి దాన్ని తిరిగి పెట్టడానికి వచ్చినట్లుంది."

మేడమ్ అతన్నీ, పిల్లనూ మార్చి మార్చి చూసింది.

"మీ అమ్మాయా? మరి లంబుకి ఎవరో పిల్ల అని చెప్పారా?"

"పిల్ల అని కూడా చెప్పలేదు మేడమ్" అన్నాడు లంబు, తనకే ఇబ్బందిగా ఉన్నట్లు. "కట్టు వేలు అన్నాడు. అంతే."

"మీరు గుర్తుపట్టలేదా?"

"ముఖం చూడలేదండీ."

ఇంటికి ఎందుకు తీసుకువెళ్ళారని ఆవిడ అడిగింది. పగలు ఇంట్లో టీవీ ఎవరు పెడుతున్నారో, ఆటలు ఎవరు ఆడుతున్నారో తెలుసుకుందామని, అని అతను చెప్పాడు. ఆ మాట అన్నప్పుడు బుల్లి మొదటిసారి కిటికీ మీది నుంచి చూపు తిప్పి అతని ముఖంలోకి చూసింది. ఆ చూపుతో అతనికి అర్థమైంది. ఆ పిల్లకు ఈ సంగతి తెలియదు. కెమెరా తన మీద పెట్టిన కాపలా అని ఆమెకు ఈ క్షణం దాకా తోచనేలేదు.

మేడమ్ అతని దగ్గర రెండు గదుల తాళాలూ తీసుకుని, తాను కబురు చేసేదాకా పనికి రావద్దని చెప్పింది. పోలీసుల మాట ఎత్తలేదు. ఉద్యోగం ఉంటుందని గాని ఊడిందని గాని అనలేదు. ఉన్నా తెరల ముందు మాత్రం కాదని, సరుకు దించేచోట మనుషులు తక్కువగా ఉన్నారని, తలుపు దాకా వచ్చి చెప్పింది.

బస్సులో వాళ్ళిద్దరికీ పక్కపక్కన సీట్లు దొరికాయి. చాలాదూరం పోయాక అతను అడిగితే బుల్లి చెప్పింది. నిన్న సాయంత్రం ఒక మాటకు అర్థం వెదకటానికి నిఘంటువు లాగితే కెమెరా కనబడింది. పాడైపోయినదాన్ని నాన్న తెచ్చి దాచుకున్నాడనుకుంది. వెనుక పలక చూసి భయపడింది. పొద్దున అతను చెప్పిన మాట విన్నాక ఇంకా భయపడింది. దాన్ని ఎవరూ చూడకుండా అక్కడ ఎక్కడో ఒక అరలో పెట్టేస్తే నాన్న గండం గట్టెక్కుతాడనుకుంది.

"నువ్వు దొంగతనం చేశావనుకున్నా" అన్నది.

అతను ఆమె వైపు తిరిగాడు. ఎడమ కనుబొమ్మ పక్కన చిన్న గుంటలాంటి మచ్చ ఉంది. అతను దాన్ని ఎన్నడూ చూసిన గుర్తు లేదు.

"ఇది ఎప్పుడు పడింది?"

"అమ్మవారు పోసినప్పుడు. పోయిన ఏడు. అప్పుడు నువ్వు వారం రోజులు నా మంచం పక్కనే పడుకున్నావు నాన్నా."

మరి టీవీ సంగతేమిటని అతను అడిగాడు. అడగకుండా ఉండలేకపోయాడు. అది తాను చెప్పనని బుల్లి అన్నది. నువ్వు కాదు కదా, అని అతను అన్నాడు. ముందే చెప్పాను కదా, అని ఆమె అన్నది.

ఇంటి తలుపు అతను తన తాళంచెవితో తీశాడు. ఆ వేళకు ఇంటికి రావటం అతనికి ఎన్నడూ లేదు. ముందుగదిలో టీవీ చప్పుడు లేకుండా ఆడుతోంది. సోఫా ఖాళీగా ఉంది. సోఫాకు ఎడంగా, టీవీకి దాదాపు ముక్కు తగిలేంత దగ్గరగా, పొట్టి పీట మీద అత్తగారు కూర్చుని ఉంది. నల్ల కళ్ళద్దాలు నెత్తి మీదికి నెట్టుకుంది. నడుముకు సోఫాలోని దిండు ఆనించుకుంది. తెర మీద ఎవరో ఒకావిడ తలుపు చాటున నిలబడి కళ్ళు పెద్దవి చేస్తోంది.

అడుగుల చప్పుడుకు అత్తగారు ఉలిక్కిపడి కళ్ళద్దాలు ముక్కు మీదికి దించుకుంది. "మీరా అల్లుడుగారూ. ఇవాళ తొందరగా వచ్చారే. దీన్ని ఆపుదామనే వచ్చాను నాయనా, ఎవరు పెట్టి వదిలేశారో ఏమో."

ఆవిడ గొంతు తగ్గించింది. "డాక్టరుకి చెప్పకండి బాబూ. ఆ పెద్దకోడలు పాలల్లో ఏదో కలిపింది. ఇంటిల్లిపాదీ ఉన్నా ఒక్కరికీ అనుమానం రాలేదు. నేను చూశాను. సగంలో ఎలా వదిలెయ్యను? బుల్లిని ఏమీ అనకండి, చెబితే నా మీద ఒట్టేనని నేనే అన్నాను."

అతనికి నవ్వు రాలేదు, కోపమూ రాలేదు. ముందుకు వెళ్ళి టీవీ ఆపాడు. ఆపుతుండగా చెయ్యి తనంత తానే దాని వెనక్కి పోబోయింది. దాన్ని లాక్కుని జేబులో పెట్టుకున్నాడు. వెనక్కి తిరిగి కూతురితో, హాస్టల్ మాట ఇక లేదని చెప్పాడు. ఈ ఇంట్లో ఇక ఎవరి మీదా ఏ కాపలా ఉండదని కూడా చెప్పాలనుకున్నాడు గాని, నోట్లో మాటలు కుదురుకోలేదు.

బుల్లి గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. ఆమె కళ్ళు పుస్తకాల అర మీద ఒకసారి ఆగాయి. అక్కడి నుంచి గోడగడియారం మీదికి వెళ్ళాయి. కిటికీ కర్టెన్ల కడ్డీ మీదికి, బీరువా నెత్తిన ఉన్న అట్టపెట్టె మీదికి, తన గది తలుపు పైనున్న గాలి కంత మీదికి ఒక్కొక్కటిగా వెళ్ళాయి. ఆ చూపు తీరు అతనికి కొత్తది కాదు. ఒక్క మూల వదలకుండా, తొందర లేకుండా, వరసగా చూస్తోంది.

"ఇంకోటి ఉందా నాన్నా?"

"లేదమ్మా. అదొక్కటే."

బుల్లి తల ఊపింది. కింది పెదవి కాస్త ముందుకు వచ్చింది. తల ఒక్కసారి, నెమ్మదిగా, కిందికి దిగి పైకి లేచింది. తరువాత లోపలికి వెళ్ళి తన పుస్తకాలు తెచ్చుకుని, సోఫాకు ఆ పక్కన, అరలోంచి చూపు అందని చోట, నేల మీద కూర్చుని చదువుకోసాగింది.